మరమగ్గాల మోతలో

చెల్లే రాజవ్వా,

నీ మొగుడు నిన్ను కొట్టి చంపాక, మరమగ్గాల మోతలో నీ కేకలు వినపడలేదని సిరిసిల్లలో మీ వీధంతా చెప్పింది. పక్కింటి మల్లేశం కోర్టులోనూ అదే చెప్పాడు. సాక్షి లేక నీ మొగుడు బయటపడ్డాడు.

నువ్వు పోయిన రోజని నిన్న ఆ వీధికి వెళ్ళాను. మల్లేశానికి అటు పక్కింట్లో ఒకడు పెళ్ళాన్ని కొడుతున్నాడు. ఎదురింటి లత తన మగ్గాలు ఆపి, వీధిలోకి వచ్చి అరిచింది.

"సాంచాలు బంద్ పెట్టుండ్రి! వీడు పెండ్లాన్ని సంపుతుండు!"

ఒక్కో ఇంట్లో మగ్గాల మోత ఆగింది. జనం గుమ్మం ముందు చేరేసరికి వాడు కర్ర వదిలేశాడు. ఆ పిల్ల బతికింది.

"గింత మోతల నీకెట్ల ఇనవడ్డదే?" అన్నాడు మల్లేశం.

"ఎదురింట్ల నాకే ఇనవడ్డది. గోడ పక్కన నీకు ఇనవడలేదా, తాతా?"

మల్లేశం లోపలికి పోయి తలుపేసుకున్నాడు.

నీకూ మల్లేశానికీ మధ్య కూడా ఒక్క గోడే, చెల్లే.