పసుపు బొట్టు లేని బట్ట

పెనుకొండ,
డిసెంబరు పన్నెండు.

చిరంజీవి సౌభాగ్యవతి ప్రశాంతికి, నీ నాయన ఆంజనేయులు మనసారా దీవించి రాసేది ఏమంటే, ఇక్కడ నేనూ మీ అమ్మా కులాసాగానే ఉన్నాము. అక్కడ విజయనగరంలో నువ్వూ, అల్లుడు ప్రభుదాసు గారూ, నా బంగారు తల్లి కృప పాపా చల్లగా ఉండాలని పొద్దున లేచింది మొదలు అనుకుంటూనే ఉంటాను.

నీ ఉత్తరం అందింది తల్లీ. ఫోనులో చెబితే ఏడుపొస్తుందని కాగితం మీద పెట్టానన్నావు. నేనూ అందుకే ఈ పార్సిల్లో బట్టతో పాటు ఈ ఉత్తరం పెడుతున్నాను. బట్ట విప్పే ముందు దీన్ని చివరిదాకా చదువు.

ముందు నా సంతోషం చెప్పుకోనీ. పెళ్లయిన పదకొండేళ్లకు నీ కడుపు పండింది. ఆ బిడ్డ స్టూలు పట్టుకుని నిలబడిన ఫోటో ఈ ఊళ్లో ఎవరికి చూపించలేదో అడుగు, చెప్పడం తేలిక. కరెంటు బిల్లు కట్టించుకునే అమ్మాయికి కూడా చూపించాను. బస్టాండు దగ్గర టీ కొట్టు ముత్యాలప్ప అయితే, "ఆంజనేయన్నా, ఆ పాపకు పండ్లెన్నో నాకు నోటికి వచ్చేసిందప్పా, ఫోను జేబులో పెట్టి టీ తాగు" అన్నాడు. అననీ. ఈ వయసులో తాతనయ్యాను. నా కాళ్లు నేల మీద ఆనడం లేదు.

నువ్వడిగినవాటికి జవాబులు. అమ్మ మోకాలు చలికి పట్టేస్తోంది. నేను నూనె రాస్తే కసురుకుంటుంది, కసురుకుంటూనే కాలు చాపుతుంది. నా కంటి ఆపరేషన్ వచ్చే నెలకు పడింది. చెనిక్కాయ పైరుకు వాన ఆలస్యమై ఊడలు సరిగా దిగక కాయ తగ్గింది. అయినా తిండికీ విత్తనానికీ కొరత రాదు, నువ్వు దిగులు పెట్టుకోవద్దు.

ఇక బట్ట సంగతి. క్రిస్మస్ చెట్టు మొదట్లో చుట్టూ పరిచే బట్ట ఒకటి ఉంటుందని, దాన్ని ట్రీ స్కర్టు అంటారని నీ ఉత్తరం చూసేదాకా నాకు తెలియదు. నువ్వు గీసిన బొమ్మ మాత్రం బాగా అర్థమైంది. సరుగుడు కొమ్మను తడి ఇసుక పోసిన బకెట్లో నిలబెడతారు. ఆ బకెట్టు కనపడకుండా గుండ్రటి బట్ట చుడతారు. దానికి నడుమ ఒక కంత, వెనకవైపు అంచుదాకా చీలిక, కట్టుకోవడానికి నాడాలు. పాపకు ఇది తొలి క్రిస్మస్, ఆ బట్ట పుట్టింటి నుంచి రావాలని నీ కోరిక. ఆ కోరిక చదివి నేను ఎంత పొంగిపోయానో!

దాని కింద నువ్వు రాసినది కూడా చదివాను. "నాయనా, బట్ట అంగడి నుంచి టైలరు దగ్గరికి, అక్కడి నుంచి పోస్టాఫీసుకు పోవాలి. ఇంటికి తేవద్దు. కొసకు పసుపు బొట్టు ఉండకూడదు. అక్క ముందు పెట్టిన బట్ట నా బిడ్డ దగ్గరికి రాకూడదు."

అక్కడ ఆగిపోయాను. మీ అక్క చందన జ్వరంతో పోయినప్పుడు దానికి ఎనిమిదేళ్లు, నువ్వు పాకుతున్నావు. అప్పటి నుంచి ఏటేటా పెద్దల అమావాస్యకు మీ అమ్మ చందన ఫోటో ముందు కొత్త లంగా పెట్టి, కొసకు పసుపు అద్ది, మిట్టమధ్యాహ్నం గది తలుపు మూసేది. పోయినవాళ్లు వచ్చి చూసుకుంటారని మన నమ్మకం. తరువాత ఆ లంగా నీకు కట్టేది. ఇంటి ఆడపిల్ల కడితేనే అది పోయిన బిడ్డకు చేరుతుందని. ఆ రోజంతా అమ్మ నిన్ను చందనా అని పిలిచేదని, నువ్వు పలికేదాకా పిలిచేదని, పలికితే ఏడ్చేదని రాశావు. నేను పొలంలో ఉండేవాణ్ణి, నాకు నీ కొత్త బట్టే కనపడేది. నీ బిడ్డను మాత్రం కృపా అనే పిలవాలి, ఇంకో పేరుతో ఎవరూ పిలవకూడదన్నావు. న్యాయమైన మాట తల్లీ.

ఇప్పుడు చెప్పాల్సింది చెబుతాను. ఈ పార్సిల్లో ఉన్నది నేను కొన్న రెండో బట్ట.

మొదటిది ధర్మవరంలో తీసుకున్నాను. నా పాత స్నేహితుడు బసవరాజు ఇంట్లో మగ్గం ఉంది కదా, అతన్ని అడిగితే కుంకుమ రంగు పట్టు ముక్క, ఆకుపచ్చ అంచు ముక్క తీసి చూపించాడు. దాని మీద ఎండ పడితే కళ్లు చెదిరాయి. తడి బకెట్టుకు తగిలితే పట్టు మరక పడుతుందని అతనే హెచ్చరించాడు. అడుగున మందం గుడ్డ వేయిస్తానన్నాను. "చెట్టుకు పట్టు కడతాండావు, నాకు ఒక తువ్వాలన్నా తెచ్చిచ్చే బుద్ధి ఎప్పుడన్నా పుట్టిందా నీకు?" అని ఎగతాళి చేసి, టీ తాగించి పంపాడు.

మన పెనుకొండ టైలరు సాబ్జాన్ ఆ గుడ్డను నేల మీద పరిచి, దారానికి సుద్దముక్క కట్టి గుండ్రంగా గీత గీశాడు. కంత ఎంత పెట్టాలో తెలియక, "పాప నడుమెంత అన్నా?" అన్నాడు. పాప కాదప్పా, చెట్టు అన్నాను. పగలబడి నవ్వాడు. "ఇన్నేండ్లుగా కుడతాండా, కొలతకు కదలకుండా నిలబడే గిరాకీ ఇదే మొదలు" అన్నాడు.

కుట్టు పూర్తయింది శనివారం మధ్యాహ్నం. పోస్టాఫీసు మూసేశారు. అంగట్లోనే పెట్టి పొమ్మని సాబ్జాన్ అన్నాడు. నీ మాట నాకు గుర్తుంది తల్లీ, గుర్తుండీ ఇంటికి తీసుకుపోయాను. అంత చక్కని బట్టను మీ అమ్మకు ఒక్కసారి చూపించాలనిపించింది. చూపించి, మడిచి, బీరువా మీద పెట్టాను.

మర్నాడు నేను పొలం నుంచి వచ్చేసరికి గది తలుపు మూసి ఉంది. మీ అమ్మ బయట గోడకానుకుని కూర్చుని ఉంది. "ఆడపిల్ల ఇంటికి పోయే కొత్త బట్ట. చందనకు చూపియ్యకుండా పంపిస్తే ఊరుకుంటాదా?" అంది. నేను తలుపు తీశాను.

నాలుగు మడతలు వేసి పీట మీద పెట్టానంది అమ్మ. నేను చూసేసరికి ఆ బట్ట నేల మీద గుండ్రంగా విచ్చుకుని ఉంది. చిన్నపిల్లలు గిర్రున తిరిగి చటుక్కున కూర్చుంటే లంగా చుట్టూ పొంగి నిలబడుతుందే, అట్లా. నడుమ కంత చుట్టూ బట్ట జానెడు ఎత్తు లేచి ఉంది. కిటికీ మూసే ఉంది. మేమిద్దరం చూస్తుండగానే అది మెల్లమెల్లగా కిందికి దిగింది. లోపల ఎవరూ లేరు.

నాకు భయం వేయలేదు ప్రశాంతీ. ఇన్నేళ్లూ మీ అమ్మ వాకిట్లో ఆకు కదిలినా చందన వచ్చిందనేది. నాకు ఒక్కసారి కూడా తెలియలేదు. నా మీద అలిగిందేమో అనుకునేవాణ్ణి. ఆ మధ్యాహ్నం గడప మీద కూర్చుని పిచ్చివాడిలా నవ్వాను. అటు చూస్తే మనవరాలు నిలబడింది, ఇటు చూస్తే పోయిన బిడ్డ వచ్చింది, నా అంత అదృష్టవంతుడు ఉంటాడా అనుకున్నాను. ఆ రెండు మూడు రోజులు నేను పెరట్లోకి నడిస్తే నా వెనక నేలను రాసుకుంటూ లంగా అంచు చప్పుడు వచ్చేది. ఆగితే ఆగేది. నేను కావాలనే నడిచి, కావాలనే ఆగేవాణ్ణి.

మీ అమ్మ మాత్రం పట్టు పట్టింది. "అది ఒప్పుకున్న బట్ట. దీన్నే పంపు. ఇంకమీద ఏటేటా పాపకు కూడా ఒకటి పెట్టి పంపిద్దాం" అంది. ఒప్పుకోవాలనే అనిపించింది. ఒప్పుకుంటే ఆ చప్పుడు ఎప్పటికీ నా వెనకే ఉంటుంది. కానీ నీ మాటలు అడ్డం వచ్చాయి. అది చందనకే ఉండనీ, నేను ఇంకొకటి కొంటానన్నాను. "ఎవురూ కట్టుకోని బట్ట దానికెట్ల చేరతాది?" అని మీ అమ్మ అడిగింది. నేను హిందూపురం బస్సెక్కాను.

అక్కడ సంజీవప్ప బట్టల అంగడికి పోయాను. మొదట ఎర్ర వెల్వెట్ చూపించాడు. నా తువ్వాలు కొస తడిపి రుద్దితే రంగు దిగింది. పాప చేతికందింది నోట్లో పెట్టుకునే వయసు, వద్దన్నాను. తరువాత మందమైన ఆకుపచ్చ నూలు గుడ్డ తీశాడు. ఎంత రుద్దినా రంగు పోలేదు. కొలిచి చించబోతూ నా వెనక్కి చూసి, "పాపను ఆ తానుల మీద ఎక్కనియ్యద్దప్పా, పడతాది" అన్నాడు.

ఏ పాప అన్నాను.

"నీ పంచె పట్టుకోని వచ్చిందే, ఆ పాప. ఇప్పుడే ఈడ ఉండె" అని అటూ ఇటూ వెతికాడు. అంగట్లో ఇంకెవరూ లేరు.

అప్పుడు నాకు అర్థమైంది తల్లీ. ఈ బట్టకూ చందన నా వెంట వచ్చింది. దీనితో పాటు విజయనగరం దాకా వస్తుంది. దానికి తప్పు తెలియదు, పసిబిడ్డ. కొత్త బట్ట ఎవరు తెచ్చినా తనకేనని ఇన్నేళ్లుగా మనమే నేర్పించాము. బస్టాండులో ఒక బెంచీ మీద కూర్చుని, పొట్లం ఒళ్లో పెట్టుకుని, పక్కన ఖాళీ చోటుకేసి చూస్తూ చెప్పాను. "చందనా, ఇది నీది కాదు తల్లీ. ఇది చెల్లెలి బిడ్డది. దీని జోలికి రావద్దు. నా యెంబడి రావద్దు. పో."

పక్కన కూర్చున్నవాళ్లు లేచి దూరంగా పోయారు. నా పంచె అంచును పట్టుకున్నదేదో వదిలేసినట్టు తెలిసింది. బతికున్నన్నాళ్లు ఆ బిడ్డను నేను పో అని అనలేదు.

గుడ్డను ఇంటికి తేకుండా నేరుగా సాబ్జాన్‌కు ఇచ్చాను. బోర్డరుకు పూసలూ అద్దాలూ వద్దన్నాను, పాప పీకి మింగుతుంది. గుండీలకు బదులు నాడాలు కుట్టించాను. కింది కొమ్మలు దాటి ఇంకో జానెడు బయటికి వచ్చేట్టు పెట్టించాను. ఈ ఉత్తరం కూడా అతని అంగడి మెట్టు మీద కూర్చునే రాస్తున్నాను. నాలుగు పక్కలా తిప్పి చూసుకో తల్లీ, పసుపు మరక ఉండదు. దీన్ని ఎవరి ముందూ పెట్టలేదు. ఇది కృపది. పాప దాని మీద దొర్లనీ, పాకనీ, పాలు ఒలకబోయనీ.

ఇంట్లో మాత్రం చప్పుడు ఆగిపోయింది. పట్టు బట్టను మీ అమ్మ రోజూ మధ్యాహ్నం మడిచి పెట్టి తలుపు మూస్తోంది. తీస్తే మడత మడతగానే ఉంటుంది. "ఏం చెప్పినావు దానికి?" అని అడిగింది. నేను పార భుజాన వేసుకుని పొలానికి పోయాను. అప్పటి నుంచి నా కంచంలో అన్నం పెట్టి అటు తిరిగి కూర్చుంటోంది.

పొమ్మన్నాను కానీ ఇంటికి పొమ్మని చెప్పలేదు ప్రశాంతీ. అదే నన్ను తింటోంది. ఎనిమిదేళ్ల పిల్ల. హిందూపురం నుంచి పెనుకొండకు ఏ బస్సు ఎక్కాలో దానికేం తెలుసు.

నా మాట విని ఉంటే అది మీ దగ్గరికి రాదు. ఒకవేళ చెట్టు కింద ఎవరో కూర్చున్నట్టు నీకు తోస్తే భయపడవద్దు, కసరవద్దు. నాయన కోపంతో అనలేదని మాత్రం చెప్పు. అమ్మ మీద కూడా కోపం పెట్టుకోవద్దు. పండుగ సంతోషంగా చేసుకోండి. అల్లుడు గారికి నా నమస్కారాలు. బిడ్డను పేరు పెట్టి గట్టిగా పిలుస్తూ ఉండు.

పార్సిలు పోస్టులో వేసి, నేను ఇటు నుంచి ఇటే హిందూపురం పోతున్నాను. ఆ బెంచీ దగ్గరే ఎక్కడో ఉంటుంది. చెయ్యి పట్టుకోకుండా రోడ్డు దాటే పిల్ల కాదు.

ఇట్లు,
మీ ఇద్దరి నాయన,
ఆంజనేయులు.