అప్పన్న అల్లం టీ

మామా,

సారా నిన్ను తీసుకుపోయి ఈ రోజుకు ఏడాది. నీ తమ్ముడు అప్పన్న ఇప్పుడు అల్లం టీ తాగుతున్నాడు. అతనికీ కాలేయం వాచిందట. టీ మందేమీ కాదు గానీ, సారా మీదికి మనసు పోయినప్పుడల్లా తాగమన్నాడు డాక్టరు.

పొద్దున్న ఫిషింగ్ హార్బరులో నీ బోటువాళ్లు అతని చేతిలో సారా గ్లాసు పెట్టారు.

"మీ అన్న పేరు సెప్పి ఒక్క గుక్క తాగరా! ఏటి, అన్నని మరిసిపోనావా?"

అప్పన్న గ్లాసు నోటిదాకా తీసుకెళ్లి ఆగాడు. చేపల గంప దించడం కూడా మరిచి చూస్తున్నాను. చాలాసేపటికి ఆ సారాను సముద్రంలో ఒంపేశాడు.

"మరిసిపోనేదు గనకే తాగను. రా వదినా, టీ తాగుదాం."

బడ్డీ దగ్గర నిలబడి ఇద్దరం తాగాం. టీ గ్లాసు పట్టుకోవడానికి అతనికి రెండు చేతులూ కావలసివచ్చాయి.

నీ పోలమ్మ