తిరుగు ప్రయాణానికి ఉంచినది

నవంబర్ 4, మంగళవారం

కాలేజీ ఫిజిక్స్ మేడమ్ ఫోన్ చేశారు. పిల్లలకి ఒక గంట మాట్లాడాలట. తేలికపాటి యుద్ధవిమానం ఎంత దూరం వెళ్ళి కొట్టి రాగలదు, ఎందుకు అంతే — అదీ విషయం. ఎయిర్‌ఫోర్స్‌లో ఇరవై ఏళ్ళు రెక్కల కింద బాంబులు తగిలించిన చేతులు. ఇప్పుడు మా ఆవిడ శాంత ముక్కుకి ఆక్సిజన్ గొట్టం తగిలిస్తున్నాయి. సరే అన్నాను.

మొదటి పేజీ రాసి శాంతకి వినిపించాను. దిండుకి ఆనుకుని వింది. "కాగితం మీద అంత దూరం రాశారు గదా... మరి సగం కూడా వెళ్ళదేంటండీ?" మధ్యలో రెండుసార్లు ఊపిరికి ఆగింది. మంచి ప్రశ్న. మేడమ్ కూడా అడగలేదు.

నవంబర్ 6

శాంతకి జవాబు. కాగితం మీది దూరం ఖాళీ విమానానిది. నిండా ఇంధనం, మొయ్యడానికేమీ లేదు, ఒకచోట లేచి ఇంకోచోట దిగడం. యుద్ధానికి ఎవరూ అలా వెళ్ళరు. చిన్న విమానం కాబట్టి పొట్టలో పట్టేదే కొంచెం. రెక్కల కింద కొక్కేలు కూడా కొన్నే. ఒక కొక్కేనికి బాంబైనా తగిలించాలి, ట్యాంకైనా తగిలించాలి. బాంబు బరువు, పైగా గాలికి అడ్డం — ఇంజిన్ ఎక్కువ తాగుతుంది. పోనీ ట్యాంకు పెడితే దూరం వెళ్తుంది, వెళ్ళి చేసే పని తగ్గుతుంది. ఆ ట్యాంకులో కొంత ఆ ట్యాంకుని మొయ్యడానికే పోతుంది. అందుకే ఖాళీ అయ్యాక, అవసరమైతే గాల్లోనే వదిలేస్తారు. రాడార్‌కి దొరక్కుండా కిందుగా ఎగిరితే ఇంకా ఖర్చు. శత్రువు ఎదురై పూర్తి వేగం పెడితే కొన్ని నిమిషాల్లోనే హారతి కర్పూరం. ఇవన్నీ పోగా తిరిగి రావడానికి ఉంచాలి. దాని పైన రిజర్వ్. అది ముట్టుకోకూడదు.

శాంత అంతా విని — "వెళ్ళడం కంటే రావడం గురించే ఎక్కువ ఆలోచిస్తారన్నమాట."

నవంబర్ 7

కాకినాడ. డాక్టరు గారు నన్నొక్కణ్ణే వరండాలోకి పిలిచారు. ఊపిరితిత్తులు బాగా గట్టిపడిపోయాయట. "ఆవిడ చూడాలనుకున్నవేమైనా ఉంటే... ఇప్పుడే చూపించెయ్యండి."

ఇంటికొచ్చాక శాంత — "మా ఊరు చూడాలండీ."

ఊరెక్కడుంది. పోలవరం ప్రాజెక్టు నీళ్ళు వచ్చేశాయి, జనాన్ని ఎప్పుడో తరలించేశారు. గుట్ట పక్క మలుపు తిరిగితే బడి పైకప్పు ఇంకా కనిపిస్తుందని వాళ్ళ చెల్లెలు రత్నం ఎక్కడో విని చెప్పింది. "కార్తీకమాసం కదా... మా రేవులో ఒక్క దీపం వదిలొస్తాను."

నవంబర్ 9, ఆదివారం

లెక్క వేశాను. ఇంట్లో అయితే ఆక్సిజన్ ఇచ్చే కరెంటు మిషనుంది. దారిలో సిలిండర్లే. వెళ్ళడానికి ఒకటి, రావడానికి ఒకటి, ముట్టుకోకూడనిది ఒకటి. రాజమండ్రిలో మార్చుకోవచ్చా అని ఫోన్ చేశాను. చిన్న సిలిండరు నింపి ఇవ్వడానికి ఒక రోజు పడుతుందన్నారు. పెద్ద కారు మాట్లాడతానంటే శాంత ఒప్పుకోలేదు — తెలియని డ్రైవరు పక్కన ముక్కులో గొట్టంతో కూర్చోలేదట.

మన కారు గ్యాస్‌తో నడిచేది, డిక్కీ నిండా దాని ట్యాంకే. వెనక సీట్లో మూడు సిలిండర్లు, చక్రాల కుర్చీ. బెల్టులతో బిగించాను, కదలవు. పని చూసి నాకే ముచ్చటేసింది.

అప్పుడు రత్నం వచ్చింది, పులిహోర డబ్బా, అరటి దొప్పలు పట్టుకుని. సీటు చూసింది. "నేనెక్కడ కూర్చోను బావగారూ?"

చోటు లేదన్నాను. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టు ఇవన్నీ ఏంటి అని గొణిగింది. శాంత దొప్పలు తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది.

నవంబర్ 10, సోమవారం

వెళ్ళాం. చూడలేదు.

మండపేట దాకా బాగానే ఉంది. ద్వారపూడి దగ్గర శాంత కబుర్లు కూడా చెప్పింది. రాజమండ్రి దాటాక ఏటి ఒడ్డు రోడ్డు — గోతులు. ప్రతి కుదుపుకీ ఆయాసం. సిలిండరు గాలి పెంచాను. ఒకచోట లారీ దిగబడి దారి మూసుకుపోయింది. ఆగినా, కదిలినా గాలి ఖర్చవుతూనే ఉంటుంది కదా.

గుట్ట దూరంగా కనిపిస్తోంది. మొదటి సిలిండరు అయిపోయింది. రెండోది తగిలించి కారు వెనక్కి తిప్పాను.

"అదిగో గుట్ట..." అంది. రూలు రూలే శాంతా అన్నాను. నా గొంతు నాకే సార్జెంటు గొంతులా వినిపించింది. దొప్పలు ఒళ్ళోనే ఉన్నాయి. రాజమండ్రి వచ్చేలోపు నిద్రపోయింది. లేక కళ్ళు మూసుకుందో.

నవంబర్ 11

సిలిండర్లు దింపాను. రెండో దాంట్లో ఇంకా ఉంది. మూడో దాని సీలు కూడా తియ్యలేదు.

నవంబర్ 12

ఆ సీలు వైపే చూస్తున్నాను. తెగిస్తే ఇంకో గంట ముందుకు వెళ్ళి ఉండేవాళ్ళం. ఇంధనం నిండా పోసి, బాంబు నేల మీదే వదిలేసి పంపిన విమానం నాది. ఎవరి ఇల్లు ఎక్కడుండేదో శాంతకి చెప్పగలిగేది రత్నం ఒక్కతే. నేను సిలిండరు పట్టుకుని ఉంటే, దూరంగా జరిగి దీపం వెలిగించాల్సింది కూడా రత్నమే — ఆక్సిజన్ దగ్గర అగ్గిపుల్ల గియ్యకూడదు, ఈ మాత్రం ఆయుధాల వాడికి తట్టలేదు. ఏడుపొచ్చింది. పెరట్లోకి వెళ్ళి ఏడ్చాను.

నవంబర్ 13

కాలేజీలో మాట్లాడాను. బోర్డు మీద విమానం గీసి కొక్కేలు చూపించాను. బాగా విన్నారు. చివర్లో వెనక బెంచీ అమ్మాయి లేచింది. "తిరిగి రాకపోతే రెట్టింపు దూరం వెళ్ళొచ్చు కదండీ?"

క్లాసంతా నవ్వింది. మేడమ్ కూడా. లెక్క ప్రకారం నిజమే అన్నాను. తర్వాత ఏం చెప్పానో గుర్తు లేదు.

నవంబర్ 14

"పిల్లలు ఏమడిగారు?" అంది శాంత. చెప్పకూడదనుకున్నాను. చెప్పేశాను.

"తెలివైన పిల్ల." కాసేపటికి — "ఈసారి ఒక సిలిండరు దింపండి. రత్నాన్ని ఎక్కించండి."

అది రిజర్వ్ శాంతా అన్నాను.

"దేనికండీ రిజర్వ్? ఈ మంచానికా?"

నవంబర్ 16

రత్నం వచ్చింది. మొన్నటిది మనసులో పెట్టుకోలేదు, పెట్టుకుంటే బాగుండేది. రేవు మునిగిపోయింది కదా, దీపం ఎక్కడ వదులుతారని అడిగాను. "నీళ్ళు ఎక్కడుంటే అక్కడే రేవు బావగారూ."

నిన్ననే రెండు సిలిండర్లు నింపించాను. మూడోది వరండాలో ఉంది. మూడుసార్లు కారు దాకా మోసుకెళ్ళి మూడుసార్లు తెచ్చేశాను. సన్నగా అయిపోయారు అంది శాంత నన్ను చూసి. ఆవిడ నన్ను అనడం.

నవంబర్ 17, సోమవారం

కారులోనే రాస్తున్నాను, స్టీరింగ్ మీద పెట్టి. చేతులకి ఏదో ఒక పని ఉండాలి.

పొద్దున్నే బయల్దేరాం. రత్నం వెనక సీట్లో, ఒక చెయ్యి సిలిండరు మీద వేసి. దారంతా అక్కాచెల్లెళ్ళ కబుర్లు — ఎవరింట్లో మామిడి, ఎవరింట్లో దొంగతనంగా జామకాయలు. శాంత నవ్వింది. నవ్వితే గాలి ఎక్కువ కావాలి. పెంచాను. నవ్వొద్దని ఎలా చెప్తాం.

లారీ లేదు. పోయినసారి తిరిగిన చోటు దాటి వచ్చాం. గుట్ట దగ్గరే. మొదటి సిలిండరు మీటరు ముల్లు అడుగుకి దిగిపోయింది. రోడ్డు పక్కకి ఆపి రెండోది తగిలించాను. ఇది రావడానికి ఉంచినది. ఇక్కణ్ణించి వెనక్కి తిరిగితే ఇంటికి సరిపోతుంది. ముందుకి వెళ్తే, దిగితే, నీళ్ళ దాకా కుర్చీ తోస్తే, దీపం కనుమరుగయ్యేదాకా శాంత చూస్తానంటే...

"ఆ మలుపు తిరిగితే చాలు బావగారూ" అంటోంది రత్నం.

శాంత ముల్లు వైపు చూడటం లేదు. ఒళ్ళో దొప్ప పట్టుకుని గుట్టనే చూస్తోంది.

"ఆపారేంటండీ?"