కింద నది, పైన పొలం

నాన్నా,

రేపు నీ సంవత్సరీకం. రైసుమిల్లు వాచ్‌మన్ బహదూర్‌ని నువ్వడిగిన మాటే పదేపదే గుర్తొస్తోంది.

"మీ ఊళ్లో నది ఉందంటావు, పొలమూ ఉందంటావు. నేపాల్ వదిలి కంకిపాడుకి ఎందుకొచ్చావయ్యా?"

"నది కింద లోయలో ఉంది సార్. పొలం కొండ మీద. నీళ్లు పైకెక్కవు కదా."

వాడెళ్లాక, పక్కన నది పెట్టుకుని పండించుకోలేనివాడు సోమరిపోతన్నావు. నేనూ తలూపాను.

ఈ ఏడు ఆగస్టొచ్చినా మన కాలవకి నీళ్లు వదల్లేదు. లాకుల గేట్లు ఎప్పుడెత్తుతారో ఎవరూ చెప్పడం లేదు. నారు ఎర్రబడుతోంది. రోజుకి నాలుగుసార్లు గట్టెక్కి చూసొస్తున్నాను.

నిన్న బహదూర్ కూడా వచ్చి పక్కన నిలబడ్డాడు. ఎండిన కాలవలోకి చాలాసేపు చూసి, నెమ్మదిగా అడిగాడు.

"మీరెక్కడికి వెళ్తారమ్మా?"