కంట్రోల్ మీ అక్క, ఎఫ్ నేను

బారిడీహ్, సోమవారం

చిరంజీవి ధర్మరాజుకు బావ నీలకంఠం ఆశీస్సులు.

ఫోనులో నాకు మాట పెగలదు కాబట్టి ఉత్తరం రాసి మీ అక్క చేతికిస్తున్నాను. మీ అమ్మాయి హాసిని తయారుచేసిన ‘చిట్టా’ అనే రాత ప్రోగ్రాములోనే నా రోజువారీ ఖర్చులు రాసుకుంటున్నాను కదా. పాత పద్దు వెతకాలంటే ఇన్నాళ్లూ ఎఫ్-త్రీ నొక్కేవాణ్ణి. కొత్త వెర్షన్‌లో దాన్ని తీసేసింది. కంట్రోల్, ఎఫ్ రెండూ కలిపి నొక్కాలట. నేను సొంతంగా నేర్చుకున్నవాణ్ణి, టైపు చేసేది ఒక్క చూపుడువేలితో. రెండు మీటలు ఒకేసారి నొక్కాలంటే రెండో మనిషి కావాలి. ప్రస్తుతానికి కంట్రోల్ మీ అక్క నొక్కుతోంది, ఎఫ్ నేను నొక్కుతున్నాను. ఎఫ్-త్రీనే డిఫాల్ట్‌గా ఉంచమని అమ్మాయికి చెప్పు.

నీ బావ,
నీలకంఠం

తా.క.: నిన్న మీ అక్క తుమ్మింది. కూరగాయల పద్దు మధ్యలో ఒక ఎఫ్ పడింది.

బర్మామైన్స్, బుధవారం

బావగారికి ధర్మరాజు నమస్కారాలు.

లోకమంతా కంట్రోల్-ఎఫ్ నొక్కుతోంది. మా రైల్వే ఆఫీసులో పెద్దసాబు కూడా అదే నొక్కుతాడు. హాసిని ఆదివారం ఈ ప్రోగ్రామును అందరికీ విడుదల చేస్తోంది. మీ ఒక్కరి కోసం ఎఫ్-త్రీ ఎలా పెడుతుంది? రెండో మనిషి కావాలన్నారంటే మీ కంట్రోల్ మీట బిగుసుకుపోయి ఉంటుంది. అందుకే కొత్త కీబోర్డు పంపుతున్నాను.

మీ బావమరిది,
ధర్మరాజు

తా.క.: అక్కను మెల్లగా నొక్కమనండి. చిన్నప్పుడు మా ఇంట్లో టార్చిలైటు మీట విరిచింది ఆవిడే.

బారిడీహ్, శుక్రవారం

ధర్మరాజుకు ఆశీస్సులు.

కీబోర్డు అందింది. ఉపాయం బాగుంది. పాతదాని పక్కన దీన్ని కూడా తగిలించాను. ఇప్పుడు మీ అక్క వంటింటి గుమ్మంలో కూర్చుని తన కీబోర్డు మీద కంట్రోల్ నొక్కుతోంది, నా కీబోర్డు మీద ఎఫ్ నేను నొక్కుతున్నాను. “నొక్కు!” అంటే నొక్కుతుంది, “వదులు!” అంటే వదులుతుంది. నిన్న ఈ కేకలు విని పక్కింటి ఈశ్వరి పరుగెత్తుకొచ్చింది.

“ఏటి దాలమ్మొదినా, మోకాలు పట్టేసిందేటి? బామ్ తెమ్మంతావా?”

“మోకాలు కాదే. మీ అన్నయ్య ఉల్లిపాయలు ఎతుకుతన్నారు!”

ఈశ్వరి మా వంటింట్లోకి వెళ్లి ఉల్లిపాయల బుట్ట తెచ్చి నా ముందు పెట్టింది. ఇంకా ఏం జరగాలి? ఎఫ్-త్రీ తిరిగి రాకపోతే ఆదివారం మీ ఇంటికి భోజనానికి రాను.

నీలకంఠం

తా.క.: మీ అక్క మాత్రం వస్తానంటోంది. ఆ పూట నేను ఏదీ వెతకలేను. ఆ పాపం నీదే.

బర్మామైన్స్, శనివారం

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి నవ్వలేక చచ్చాం. కొత్త కీబోర్డు పంపింది పాతది తీసేసి పెట్టుకోమని! హాసిని సాయంత్రం మీ ఇంటికి వస్తోంది. “మావయ్య హాఁ బోల్ దేఁ, బస్. ఊఁ అంటే చాలు, ఎఫ్-త్రీయే పెట్టేత్తాను” అంటోంది. ఇక మీ మాటే ఆఖరు.

ధర్మరాజు

తా.క.: రేపు చేపల పులుసు. అలిగినవాళ్లకు పార్సిల్ కట్టబడదు.

బారిడీహ్, ఆదివారం పొద్దున

ధర్మరాజుకు ఆశీస్సులు.

హాసిని వచ్చింది. మీ అక్క పాలకు వెళ్లినప్పుడు నా పక్కన కూర్చుని, “ఏక్ హీ హాథ్ సే హోతా హై, మావయ్యా” అంటూ చిటికెనవేలు కంట్రోల్ మీద, చూపుడువేలు ఎఫ్ మీద పెట్టి ఒంటిచేత్తో నొక్కి చూపించింది. ఎఫ్-త్రీ పెట్టనా అని అడిగింది. వద్దన్నాను.

గుమ్మం దగ్గర తెర కనబడటం లేదని మీ అక్క మళ్లీ నా పక్కకే వచ్చి కూర్చుంటోంది. ‘గాజులు’ అని వెతికితే, అవి కొన్న రోజు గోల్‌మురి బజారులో వానకు ఇద్దరం ఎలా తడిశామో చెబుతుంది. ‘ఆటో’ అని వెతికితే ఆ ఆటోవాడి గొంతు అనుకరిస్తుంది. నేను ఖర్చు ఒక్కటే రాసుకున్నాను, మిగతాదంతా ఆవిడ దగ్గర ఉంది. నేను కూడా మాట్లాడుతున్నాను. నిన్న ఆ మాటల్లో పడి అన్నం మాడింది.

కాబట్టి కంట్రోల్-ఎఫ్ ఉండనీ. ఒంటిచేత్తో అవుతుందని మాత్రం మీ అక్కతో అనకు. అందుకే ఈ కవరు అంటించి పంపుతున్నాను.

నీలకంఠం

తా.క.: భోజనానికి వస్తున్నాను.

ఇంకో తా.క.: తమ్ముడూ, అంటించిన కవరు పాలగిన్నె ఆవిరికి ఊడిపోద్ది. నువ్వు ఓ చేత్తో టీ తాగుతా ఇంకో చేత్తో ఆ రెండూ నొక్కడం నానెప్పుడో చూసినాను. నానేటైనా సెప్పినానా? నువ్వూ సెప్పకు. — దాలమ్మ