బెలూన్ ఊదలేదని మా మనవడిని పనిలోంచి తీసిన సంగతి

మహారాజశ్రీ జిల్లా కార్మిక శాఖ అధికారి గారి సముఖమునకు, నంద్యాల.

ఆళ్లగడ్డ కాపురస్తుడు, మాజీ రాతిపనివాడు, వయసు డెబ్బయ్యారు, చదువు నాలుగో తరగతి (అయిదులో చేరినాను గానీ అయ్యవారు నా నోటికి దండం పెట్టి ఇంటికి పంపినాడు) తిమ్మయ్య వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: పనివాళ్ల ఆరోగ్యం కోసమని యజమాని ఒక పండగ జరిపి, ఆ పండగలో ఊపిరి చాలనివారిని ఏరి ఇంటికి పంపి, ఆ పంపినవారు అసలు తన దగ్గర పనే చేయలేదని చెప్పుట గురించి.

పై విషయమును పురస్కరించుకొని తమరికి విన్నవించునది ఏమనగా:

1. మా మనవడు వెంకటేష్, వయసు ముప్పైయొకటి, హైవే పక్కన సుమంత్ అనే ఆసామి నడిపే విగ్రహాల షెడ్డులో తొమ్మిదేండ్లుగా పనిచేయుచుండెను. దేవుళ్ల మొహాలు చెక్కడం వాడి పని. ఒళ్లు ఎవరైనా చెక్కుతారు, మొహం అందరికీ రాదు. నేను నేర్పిన విద్యే. నాకంటే బాగా వచ్చింది, ఈ సంగతి వాడి ముందర ఎన్నడూ ఒప్పుకోలేదు.

మా కాలంలో ఉలి, సుత్తి, ఆకాశం, ఇంతే. రాయి పెచ్చులుగా లేచి కాళ్ల మీద పడేది. ఇప్పుడు కరెంటు మిషన్లతో కోస్తారు. రాయి పిండి అయి గాల్లో తేలుతుంది. ఇరవై రెండు మంది, ఆరు మిషన్లు, ఒకే షెడ్డు. దుమ్ము పక్కనున్న హోటలు ఇడ్లీల మీద పడుతోందని హోటలాయన గొడవ పెట్టుకుంటే, సుమంత్ పెద్దమనసు చేసుకొని షెడ్డు తలుపులు మూయించినాడు. ఆ రోజు నుంచి ఇడ్లీలు ఆరోగ్యంగా ఉన్నవి.

వెంకటేష్ కూతురిని బడిలో నాయన బొమ్మ గీయమన్నారంట. ఖాళీ కాగితం ఇచ్చింది. ఇదేందని అడిగితే, మా నాయన తెల్లగా ఉంటాడు టీచర్ అనింది.

2. ఈ రెండో నెంబరు ఫిర్యాదు నా మీద నేనే పెట్టుకుంటున్నాను. నెంబరు వేసినాను కాబట్టి చెల్లుతుందని నమ్ముతున్నాను.

వాడికి పోయిన ఏడాది నుంచి ఆయాసం. మా మిద్దెకు పద్నాలుగు మెట్లు. ఆరో మెట్టు మీద కూర్చునేవాడు. నాకు నోరు ఊరుకోదు.

"ఏందిరా, ఆరు మెట్లకే దమ్ము పడతాండావ్? నాకు డెబ్బయ్యారు, నీకు ముప్పైయొకటి. మనిద్దరి ఆధార్ కార్డులు తారుమారైనట్టుండాయే!"

"ఊరుకో జేజినాయనా. రవంత దుమ్ము పట్టింది, అదే పోతాది."

వాడి పెండ్లాం భానుప్రియ పక్కనే ఉండి, "నెత్తిన పడిన దుమ్ము నీళ్లు పోసుకుంటే పోతాది. లోపల పడిందానికి ఏం పోసుకుంటాడో నువ్వే చెప్పు జేజినాయనా" అనింది.

"కాఫీ పొయ్యిమ్మా" అన్నాను.

నవ్వింది నేనొక్కడినే. ఇట్లా ఒక ఏడాది నవ్వినాను.

3. సుమంత్ భార్య వాసవమ్మ షెడ్డులో ఆఫీసు పని చూసుకుంటుంది. ఆమె బెంగళూరులో రెండు దినాల ట్రైనింగుకు పోయి వచ్చి, ఇకమీదట మన పనివాళ్లందరూ సంతోషంగా ఉండవలెనని ఉత్తర్వు చేసింది. వారానికి ఉన్న ఒక్క సెలవు ఆదివారం. ఆ ఆదివారమే ఆరోగ్య దినం పెట్టినారు. రాకపోతే సోమవారం పనికి రానక్కరలేదని చెప్పినారు. దాంతో అందరూ సంతోషంగా వచ్చినారు.

షెడ్డులోనే పెద్ద బ్యానరు కట్టినారు: "పనీ జీవితమూ సమతూకం." అక్షరాల కింద తక్కెడ బొమ్మ, ఒక తట్టలో సుత్తి, ఇంకో తట్టలో పెండ్లాం పిల్లలు. మనిషికొక గ్లాసు రాగిజావ పోసినారు. తర్వాత వాసవమ్మ మైకు తీసుకొని, "అందరూ కండ్లు మూసుకొని గట్టిగా ఊపిరి పీల్చండి. లోపలున్న ఒత్తిడంతా పోవాలి" అని చెప్పింది. తలుపులు మూసే ఉన్నవి. అయ్యా, ఆ షెడ్డులో గట్టిగా పీలిస్తే ఒత్తిడి పోయేది లేదు, సగం వినాయకుడు లోపలికి పోతాడు.

పిమ్మట బెలూన్లు ఊదే పందెం. వెంకటేష్ వెంట నేనూ పోయినాను. పెద్దవాడినని, నవ్విస్తానని, నన్ను పిలిచి మైకు నా చేతికిచ్చినారు. డెబ్బయ్యారేండ్లలో నా చేతికి మైకు రావడం అదే మొదలు. అదే ఆఖరు కూడా కావలెనని నా కోరిక.

ఒక్కొక్కరినీ వాయించినాను. శాంతయ్య అనే పాలిషు పనివాడు ఊదితే బెలూన్ నిమ్మకాయంత అయింది. "శాంతయ్యా, దిష్టి తీసేకి బాగుంటాది, జేబులో పెట్టుకో" అన్నాను. షెడ్డంతా నవ్వింది. శాంతయ్య కూడా నవ్వబోయి దగ్గినాడు. దగ్గు వచ్చినందుకు మళ్లీ నవ్వినారు.

వెంకటేష్ ముందుకు రాలేదు. గోడకు ఆనుకొని, వద్దని నాకు చేయి ఊపినాడు. నేను చూసినాను. చూసి కూడా అన్నాను.

"మా మనవడు రాడంట! దేవుళ్లకు ముక్కులు చెక్కుతాడు గానీ, వీడి ముక్కు మాత్రం రిపేరంట!"

అంతమంది నవ్వినాక ఏ మగోడు ఆగుతాడు? వచ్చినాడు. తెల్ల బెలూన్. రెండు ఊపిర్లు ఊదినాడు. మూడో దానికి వంగిపోయి దగ్గినాడు. బెలూన్ చేతిలోంచి జారి నా కాళ్ల దగ్గర పడింది. దాని మూతి ఎర్రగా ఉంది.

నేను మైకులో, "చూడండప్పా, తాంబూలం ఏసుకోని ఊదినాడు" అన్నాను.

అప్పుడూ నవ్వినారు.

అయ్యా, అన్న మాట వెనక్కి తీసుకొనుటకు మీ ఆఫీసులో ఫారం ఏదైనా ఉంటే ఒకటి ఇప్పించగలరు. ఎన్ని స్టాంపులు అంటించమన్నా అంటిస్తాను.

4. ఆ పందెం జరుగుతున్నంతసేపూ వాసవమ్మ ఒక పుస్తకంలో ఏదో రాసుకుంటోంది. బహుమతులకనుకున్నాము. పెద్దగా ఊదినవారికి స్టీలు టిఫిను బాక్సులు ఇచ్చినారు కూడా. చిన్నగా ఊదినవారికి ఏమిచ్చేదీ సోమవారం తెలిసింది.

ఏడుగురిని పేరు పెట్టి పిలిచినారు. శాంతయ్య, వెంకటేష్, ఇంకా అయిదుగురు. సుమంత్ చాలా ప్రేమగా మాట్లాడినాడని వెంకటేషే చెప్పినాడు.

"మీ ఆరోగ్యమే మాకు ముఖ్యమప్పా. ఇంటికాడ రెస్టు తీసుకోండి."

"ఎన్ని దినాలన్నా?" అని శాంతయ్య అడిగినాడు.

"ఊపిరి వచ్చేదాకా."

"రాకుంటే?"

"రాకుంటే మటుకు ఈడికొచ్చి ఏం చేస్తావప్పా?"

ఇదీ సమతూకం. తక్కెడలోంచి సుత్తి ఉన్న తట్ట తీసేసినారు. పెండ్లాం పిల్లలున్న తట్ట దబ్బున నేలకు కొట్టుకుంది.

5. వెంకటేష్‌ను నంద్యాలకు పిలుచుకొనిపోయి పెద్ద డాక్టరుకు చూపించినాము. ఫోటో తీసినారు. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో గట్టిపడిందని, ఇది తగ్గేది కాదని, ఇక దుమ్ములో నిలబడకుండా ఉంటే ముదరకుండా చూడవచ్చునని చెప్పినాడు. పనిలో వచ్చిన జబ్బని సర్కారు ఒప్పుకోవాలంటే, ఫలానా చోట ఇన్నేండ్లు పనిచేసినాడని యజమాని కాగితం ఇయ్యాలన్నాడు.

కాగితం కోసం నేనే షెడ్డుకు పోయినాను.

"వెంకటేషా? ఏ వెంకటేషు పెద్దాయనా?" అన్నాడు సుమంత్. రిజిస్టరు తెప్పించి నా ముందర తెరిచినాడు. అందులో ముగ్గురున్నారు. వాచ్‌మన్, గుమాస్తా, సుమంత్ బామ్మర్ది. తక్కినవాళ్లంతా భక్తి కొద్దీ వచ్చి చెక్కిపోతున్నట్టుంది.

"సుమంతప్పా, తొమ్మిదేండ్ల సంది నీ షెడ్డులో దేవుళ్లకు మొగాలు చెక్కినోడు ఎవడప్పా?"

"దేవుడి మొగం దేవుడే చెక్కుకుంటాడు పెద్దాయనా. మనదేముంది?"

నన్ను మించినోడు దొరికినాడని ఆ పూట ఒప్పుకొన్నాను. నా జోకులకు మనుషులు నవ్వుతారు. వాడి జోకుకు మనిషి చస్తాడు.

6. కావున తమరిని కోరునది ఏమనగా: మా వెంకటేష్‌కు, తక్కిన ఆరుగురికి, పనిచేసినట్టు కాగితం ఇప్పించవలెను. ఇది ముఖ్యం, తక్కినవి దీని వెనకాలే. షెడ్డులో ఇంకా పదిహేను మంది ఉన్నారు. టిఫిను బాక్సులు వచ్చినాయని సంబరపడుతున్నారు. వాళ్ల ఊపిరితిత్తులకు కూడా ఫోటో తీయించవలెను, బెలూన్‌తో కాదు, సర్కారు డాక్టరుతో. కోసే మిషనుకు నీళ్ల పైపు పెట్టిస్తే దుమ్ము లేవదు. నీళ్లు దొరకవని సుమంత్ అనవచ్చును. ఆయన కారు దినామూ కడుగుతున్నారు, ఆ పైపే ఇటు తిప్పమనండి. దుమ్ము బయటికి లాగే ఫ్యాన్లు, ముక్కుకు సరైన మాస్కులు ఇప్పించవలెను. ఆదివారం పనివాడి పెండ్లాం పిల్లలది, దాని జోలికి రావద్దని చెప్పవలెను. ఊపిరి పీల్చే యోగా వద్దని మేము అనడం లేదు. తలుపులు తీసి చేయించమనండి.

నేను చదువుకున్నది నాలుగే. తప్పులుంటే నవ్వుకోండి, కానీ నవ్వి పక్కన పెట్టవద్దు. నవ్వి పక్కన పెట్టడం ఎట్లుంటుందో నాకు బాగా తెలుసు.

ఇది తమరు రెండు కండ్లతో చదివి, ఒక కాలు ఆళ్లగడ్డ వైపు వేయుటకు చిత్తగించవలెను.

తమ విధేయుడు (నోరు తప్ప),
తిమ్మయ్య,
ఆళ్లగడ్డ.

తా.క.: సార్, మొన్న అర్జీ కవరులో పెట్టి అంటించగానే సుమంత్ కారు మా వీధిలోకి వచ్చింది. ఈ దినం కవరు చింపి మళ్లీ రాస్తున్నాను.

సంగతేమంటే, బెంగళూరు వాళ్లు ఏడడుగుల నరసింహస్వామిని చేయించుకుంటున్నారు. అంతా అయింది, కండ్లు మిగిలినవి. మా పనివాళ్లలో ఒక కట్టుబాటు ఉంది: మొహం చెక్కిన చేయే కండ్లు తెరవాలి. ఆఖరున కనుగుడ్డు మీద గీత కొట్టి తెరుస్తాము. వేరే చేయి పడితే విగ్రహం పూజకు పనికిరాదు. బెంగళూరు వాళ్ల పూజారి, ఎవరు చెక్కినారో ఆయనే తన కండ్ల ముందర తెరవాలని పట్టు పట్టినాడంట. ముహూర్తం వచ్చే బేస్తవారం, అంటే గురువారం, పొద్దున పది గంటలకు.

సుమంత్ చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చి, "వెంకటేషన్నా, ఎట్లుండావ్?" అన్నాడు.

"ఏ వెంకటేషప్పా?" అన్నాను నేను. "మా ఇంటి రిజిస్టర్లో లేడే!"

ఆయన నవ్వినాడు. వెంకటేష్ నవ్వలేదు. ముందర కాగితం ఇయ్యి, తర్వాత కండ్లు తెరుస్తాడన్నాను. "తెరవనీ పెద్దాయనా, చూద్దాం" అన్నాడు. మాస్కు కట్టుకుంటాడన్నాను. ఫోటోలు తీస్తారు, బాగుండదన్నాడు.

ఆయన పోయినాక భానుప్రియ గట్టిగా చెప్పింది. "పోవద్దు. డాక్టరు చెప్పింది మర్చిపోయినావా? వాళ్ల దేవుడు గుడ్డోడైతే మనకేం?"

"నేను చెక్కిన మొగం గదా అది," అన్నాడు వాడు. "గుడ్డిగా పంపల్నా?"

అదీ వాడి మాట. కాబట్టి సార్, తమరు జీపు తేవద్దు, ముందుగా ఫోను చేయవద్దు. బేస్తవారం మామూలు చొక్కాతో వచ్చి, దండం పెట్టుకునే వాళ్లలో నిలబడండి. వాడు ఉలి చేతికి తీసుకోగానే, పూజారి వినేటట్టు గట్టిగా సుమంత్‌ను అడగండి, ఈ మనిషి ఎవరు అని. తెలియదంటే పూజారి విగ్రహం వదిలేసి పోతాడు. మావాడే, మొహం చెక్కింది వీడే అంటే, ఆ మాట అక్కడికక్కడే రాసుకొని సంతకం పెట్టించండి. రెండిట్లో ఏదో ఒకటి అనక ఆయనకు తప్పదు.

ఒకటే భయం. గీత కొట్టేటప్పుడు ఊపిరి బిగబట్టాలి. ఊపిరి కదిలితే ఉలి కదులుతుంది, ఉలి కదిలితే కన్ను పోతుంది. నిన్నటి నుంచి మా ఇంటి ముందర ఒక రాతిముక్క మీద అలవాటు చేసుకుంటున్నాడు. భానుప్రియ కోపంగానే చెంబుతో రాతి మీద నీళ్లు పోస్తూ ఉంది. నేను పక్కన కూర్చొని అంకెలు లెక్కపెడుతున్నాను. వేరే మాట ఒక్కటీ అనలేదు, ఒట్టు. పొద్దున ఉలి దించి, గోడకు ఆనుకొని, ఆయాసం తీరినాక అన్నాడు:

"ఒక కంటికి చాలుతాది జేజినాయనా."

రెండో కంటికి ముందరే వచ్చేయండి సార్.