మధ్యాహ్నం ఫోను

చిరంజీవి చిన్నోడికి అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ మేమంతా క్షేమం. క్షేమమంటే, మీ నాన్న నొప్పి ఆయన మోకాల్లోనే ఉంది, నా కోపం నా ముక్కు మీదే ఉంది. అక్కడ నువ్వూ క్షేమమని తలుస్తాను. నీ ఉత్తరం అందింది. చదివి, మడిచి, మళ్ళీ విప్పి చదివి, వంటింట్లో రెండు గిన్నెలు గట్టిగా పడేశాను. మీ నాన్న చప్పుడు చేయకుండా పక్క గదిలోకి వెళ్ళిపోయారు.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. నీ బండి అమ్మలేదు. తాళంచెవి మాత్రం నా దగ్గరే ఉంటుంది, అడగకు. అక్క నీ మీద అలగలేదు, పిల్లకి జ్వరమొచ్చి ఉత్తరం రాయలేకపోయింది. మోకాలికి రోజూ నడవాలని డాక్టరు చెబితే, మీ నాన్న డాక్టర్నే మార్చేశారు.

ఆ తాగుడు మాన్పించే కేంద్రంలో పొద్దున్నే మిమ్మల్ని కూర్చోబెట్టి ఊపిరి గమనించమంటున్నారనీ, అది పనికొచ్చేదో నాటకమో చెప్పమనీ అడిగావు. అడగాల్సిన మనిషినే అడిగావు. మా ఆసుపత్రిలోనూ అలాంటి వార్డు కొత్తగా తెరిచి, నర్సులందరికీ ఆ విద్యే నేర్పిస్తున్నారు. రోగికి తాగాలనిపించినప్పుడు దానితో కుస్తీ పట్టకుండా, దానికి లొంగకుండా, ఒంట్లో ఎక్కడ లేస్తోందో ఎలా దిగుతోందో చూస్తూ కూర్చోవడం మేము నేర్పాలట. నాకొచ్చిన కోపం అంతా ఇంతా కాదు. సూదులు వెయ్యడానికి చేతులు చాలక మేం చస్తుంటే, చాపలు పరిచి కళ్ళు మూసుకోమంటారా? అదీ మా సెలవు రోజుల్లో. నేర్పే అమ్మాయికి నీ వయసుంటుంది. ఎంత మెల్లగా మాట్లాడుతుందంటే, వినడానికి ముందుకు వంగీ వంగీ నా నడుము పట్టేసింది.

ఆ అమ్మాయి వస్తూనే ఒక నియమం పెట్టింది. మనం చెయ్యనిది రోగి చేత చేయించకూడదు. కాబట్టి మాలో ప్రతి ఒక్కరూ మానలేని అలవాటు ఒకటి ఎంచుకుని, మనసు లాగినప్పుడల్లా తీర్చుకోకుండా చూస్తూ కూర్చోవాలి. ఒకామె ఫోనులో సినిమాలంది. నేను టీ అన్నాను. టీ మానడం నాకో లెక్కా? పనిలో పడితే మంచినీళ్ళే గుర్తుండవు.

ఇక నన్ను మండించిన సంగతి. నీ దిండు కింద, పరుపు కింద ఎవరో వెతుకుతున్నారని రాశావు. పక్కమంచం టైలరే చాడీలు చెప్పి వెతికిస్తున్నాడని, అతనితో మాటలు మానేశానని రాశావు. చాడీకోరుల మధ్య ఉండలేను, వచ్చే వారం సొంత పూచీ మీద సంతకం పెట్టి ఇంటికొచ్చేస్తానన్నావు. ఒరేయ్, చేరిన కొత్తలో నీ చేతులు వణికిపోతుంటే ముద్దలు కలిపి నోట్లో పెట్టింది ఆ టైలరేనని నువ్వే రాశావు కదరా. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదో చెబుతాను, కాస్త ఓపిక పట్టు.

శిక్షణ ఉన్న రోజుల్లో కూడా, భోజనాలవగానే నేను ఫోను పట్టుకుని మెట్ల దగ్గరికి వెళ్ళేదాన్ని. ఒకరోజు ఆ అమ్మాయి నా వెనకే వచ్చి, మీరు మానలేనిది టీ కాదేమో మేడమ్ అంది. మా అబ్బాయి సంగతి కనుక్కోవడం తప్పా అన్నాను. ఈ ఒక్కరోజుకి కనుక్కోకుండా కూర్చోగలరా అని అడిగింది.

"నీకు పిల్లలున్నారా? తాగొచ్చి గుమ్మంలో పడిపోయిన బిడ్డని ఎత్తుకెళ్ళి పడుకోబెట్టావా ఎప్పుడైనా?" అని నలుగురూ చూస్తుండగా కడిగేశాను.

ఆ అమ్మాయి గొంతు పెంచలేదు.

"లేరండీ. గుమ్మంలో పడిపోయింది నేను. ఎత్తుకెళ్ళింది మా అమ్మ. నేను మానేశాక కూడా రోజూ నా నోరు వాసన చూసేది. ఎలాగూ నమ్మనప్పుడు ఇంక నిజం చెప్పడం దేనికి అనిపించేది నాకు."

మళ్ళీ తాగింది మాత్రం తనేనని, అందులో అమ్మ తప్పు లేదని కూడా అంది. వెళ్ళి చాప మీద కూర్చున్నాను. ఒళ్ళో ఫోను. చెయ్యి దానంతటదే దాని మీదకి వెళ్ళేది. అరచేతులకి చెమటలు పట్టాయి. ఈపాటికి నువ్వు గోడ దూకేసి ఉంటావని, ఏ సందులోనో పడి ఉంటావని బుర్రలో ఒకటే రొద. కాన్పుల వార్డులో ఎంతమందికి చెప్పి ఉంటాను, నొప్పి ఎక్కుతుంది, మళ్ళీ దిగుతుంది, ఊపిరి తీసుకో తల్లీ అని. ఇదీ అలాగే ఎక్కింది. అలాగే దిగింది. దిగినందుకు కూడా కోపమొచ్చింది. ఫోను చేయకపోతే చచ్చిపోతాననుకున్నాను మరి ఇన్నాళ్ళూ.

కాబట్టి అది నాటకం కాదు. నిజంగా కూర్చుంటే పనిచేస్తుంది, కళ్ళు మూసుకుని కునుకు తీస్తే చేయదు.

ఇప్పుడు విను. టైలరు నీ గురించి ఒక్క మాట చెప్పలేదు. మీ వార్డెన్‌కి రోజూ మధ్యాహ్నం ఫోను చేసి, దిండు చూడండి, పరుపెత్తి చూడండి, దగ్గరికెళ్ళి వాసన చూడండి అని ఆయన ప్రాణం తీసింది నేను. ఆయన విసుక్కుంటే బతిమాలాను. ఒక్కసారి కూడా ఏమీ దొరకలేదు. దొరకలేదంటే సంతోషించకుండా, సరిగ్గా వెతికారా అని అడిగాను. దీనికి నువ్వు నన్నెన్ని మాటలన్నా పడతాను. కానీ నన్నిలా తయారు చేసిందెవరురా? నా తల మీద చెయ్యి పెట్టి ఒట్టేసిన వాడివి నువ్వే. నా పెళ్ళి చీర మడతల్లో సీసా దాచిన వాడివీ నువ్వే. అది దొరికిన రోజు నుంచి ఈ చేతులకి వెతకడం తప్ప వేరే పని తెలియకుండా పోయింది. ఆ కోపం నాకింకా పోలేదు, పోయిందని అబద్ధం చెప్పను.

ఈ ఉత్తరం అందగానే టైలరు దగ్గరికి వెళ్ళు. అదంతా మా అమ్మ చేసిన పని, నిన్ను అన్యాయంగా అనుమానించాను అని చెప్పు. సిగ్గుపడితే పడు, నేనూ పడుతున్నాను. ఆ తర్వాత కూడా వచ్చేయాలనిపిస్తే నీ ఇష్టం, అతని మీద మాత్రం నెట్టకు.

ఇంక ఫోను చేయనని వార్డెన్‌కి చెప్పేశాను. ఇప్పుడు మధ్యాహ్నమే. మీ నాన్న నిద్రపోతున్నారు. ఫోను బల్ల మీద ఉంది, మనసు లాగుతూనే ఉంది, నేను రాస్తూ కూర్చున్నాను. నువ్వు అక్కడున్నావో వెళ్ళిపోయావో, మానావో మళ్ళీ మొదలుపెట్టావో, ఇకనుంచి నువ్వు రాస్తేనే నాకు తెలిసేది. అబద్ధం రాయకురా. నువ్వేది రాస్తే అది నమ్ముతాను.

ఇట్లు,
కోపం ఇంకా దిగని
మీ అమ్మ